లారీలు, బస్సులకు రంగు వేసే షెడ్డుకు ఏ లిఫ్టు తీసుకోవాలి?

విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్ల మధ్య ఒక చుట్టు తిరిగితే చాలు, లారీకి రంగు ఎలా వేస్తారో తెలిసిపోతుంది. రెండు డ్రమ్ములు, వాటి మీద ఒక పలక, ఆ పలక మీద పెయింటర్, అతని చేతిలో స్ప్రే గన్ను. పలక చివరికి వచ్చాక కిందికి దిగుతాడు, డ్రమ్ములు జరుపుకుంటాడు, మళ్లీ ఎక్కుతాడు. ఈ పద్ధతి మార్చి, మనిషిని పైకి లేపే లిఫ్టు పెట్టాలనుకునే షెడ్డు ఓనరు మొదట అడిగే మాట, "ఎన్ని అడుగుల లిఫ్టు కావాలి?"

నా దృష్టిలో అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంది: ఆ లిఫ్టు మీద నిలబడి స్ప్రే కొడతారా, లేక గీకుడు, పుట్టీ, రుద్దుడు, మాస్కింగ్ (రంగు పడకూడని చోట కాగితం, టేపు అంటించడం) వరకేనా? రెండో ప్రశ్న: బండి పక్కన నేల ఎలా ఉంది, ఎంత జాగా మిగులుతోంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే సగం లిఫ్టులు వాటంతట అవే లిస్టులోంచి పోతాయి. ఎత్తు సంగతి చివర్లో చూసుకోవచ్చు. ఎందుకంటే మనకు కావలసిన ఎత్తు నిజానికి చాలా తక్కువ.

లెక్క చూద్దాం. లారీ బాడీ, కంటైనర్ బాడీ, బస్సు ఏదైనా మామూలుగా 3.8 నుంచి 4 మీటర్ల లోపే ఉంటుంది. పెయింటర్ చేతిలోని గన్ను ఛాతీ, భుజం మధ్యన ఉన్నప్పుడే రంగు సమంగా పడుతుంది, అంటే అతను నిలబడ్డ చోటు నుంచి సుమారు మీటరున్నర. కాబట్టి 4 మీటర్ల అంచును హాయిగా కొట్టాలంటే అతని పాదాల కింద ప్లాట్‌ఫాం 2.5 మీటర్ల ఎత్తులో ఉంటే సరిపోతుంది. టాపు కొట్టడానికి 3 మీటర్లు, అంటే పది అడుగులు. మార్కెట్లో మామూలుగా దొరికే చిన్న ఎలక్ట్రిక్ సిజర్ లిఫ్టు (కత్తెరలా విచ్చుకునే ఇనుప చేతుల మీద ప్లాట్‌ఫాం నిలువుగా లేచేది) 19 అడుగులది. దాని ప్లాట్‌ఫాం 5.8 మీటర్ల దాకా లేస్తుంది. అంటే ఆ చిన్నది కూడా మన అవసరానికి దాదాపు రెట్టింపు ఎత్తు. 26 అడుగులది, 32 అడుగులది తెచ్చుకుంటే షెడ్డు ట్రస్సులకు తల తగిలించుకోవడం తప్ప అదనంగా వచ్చే లాభమేమీ లేదు.

మొదటి ప్రశ్నకే ఎందుకు అంత ప్రాధాన్యం ఇస్తున్నానంటే, థిన్నర్ వల్ల. మనవాళ్లు వాడే థిన్నర్లలో టొలీన్, జైలీన్, అసిటోన్ లాంటివి ఉంటాయి. నిప్పు తగిలితే టొలీన్ ఆవిరి అంటుకోవడానికి 4 డిగ్రీల వేడి చాలు. జైలీన్‌కు 25 నుంచి 30 డిగ్రీల మధ్య. బెజవాడలో పగటిపూట ఏ నెలలోనైనా ఆ వేడి ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో అయితే చెప్పనక్కర్లేదు. గాలిలో టొలీన్ ఆవిరి నూటికి ఒకటింపావు వంతు ఉన్నా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. ఇంకో సంగతి, ఈ ఆవిరి గాలికంటే బరువు. టొలీన్ ఆవిరి గాలికి మూడు రెట్లు. కొట్టేది పైన అయినా అది జారి జారి నేల మీదికి దిగుతుంది, గుంటల్లోకి, కాలువల్లోకి చేరుతుంది.

ఇప్పుడు మామూలు ఎలక్ట్రిక్ సిజర్ లిఫ్టులో బ్యాటరీలు, మోటారు, కాంటాక్టర్లు (మోటారుకు కరెంటు కలిపి విడదీసే స్విచ్చులు) ఎక్కడుంటాయో చూడండి. అన్నీ కింద, చక్రాల మధ్య, నేలకు జానెడు ఎత్తులో. బటన్ నొక్కిన ప్రతిసారీ కాంటాక్టర్ దగ్గర చిన్న రవ్వ పుడుతుంది. ఆవిరి చేరే చోటా రవ్వ పుట్టే చోటా ఒక్కటే. పైన నిలబడ్డ పెయింటర్‌కు కింద ఏం జరుగుతోందో తెలిసే వీలు లేదు, పైగా కిందికి దిగడానికి అతనికున్న దారి ఆ లిఫ్టు ఒక్కటే. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను: మూసిన షెడ్డులో, బూత్‌లో (స్ప్రే కొట్టడానికే కట్టిన మూసిన గదిలో) స్ప్రే నడుస్తున్నప్పుడు మామూలు బ్యాటరీ లిఫ్టు లోపల ఉండకూడదు. "ఏం కాదులెండి, అందరూ వాడుతున్నారు" అని లిఫ్టు అమ్మేవాడో అద్దెకిచ్చేవాడో అంటే, ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వడు.

దీని గురించి భారత ప్రమాణాల్లో ఐఎస్ 5572 ఉంది. మండే ఆవిరులు చేరే చోట్లను జోన్లుగా విడగొట్టేది అదే. స్ప్రే బూత్ లోపలి భాగాన్ని మామూలుగా జోన్ 1 కింద లెక్కిస్తారు. అక్కడ పెట్టే ప్రతి కరెంటు సామాను ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి రవ్వ బయటి ఆవిరికి అంటకుండా ఆపేది) లాంటి, జోన్ 1కు తగిన రకం కావాలి, దాని మీద ఆ గుర్తు, సర్టిఫికెట్ నంబరు చెక్కి ఉండాలి. లైటుకూ ఫ్యానుకూ ఎలాగో లిఫ్టుకూ అలాగే.

ఇక ఒక్కో రకం చూద్దాం.

నిచ్చెన, డ్రమ్ముల మీద పలక

దీని గురించి ఎక్కువ చెప్పను. ఒక చేత్తో గన్ను, ఇంకో చేత్తో గొట్టం పట్టుకున్న మనిషికి నిచ్చెన పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. గొట్టం లాగినప్పుడు డ్రమ్ము కదులుతుంది. పెయింటర్ ముందుకు వంగితే పలక లేస్తుంది. పని నాణ్యత కూడా దెబ్బతింటుంది. గన్ను బాడీకి 15 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, లంబంగా, ఒక్కో వరుస ముందు వరుస మీద సగం పడేలా పోవాలి. నిచ్చెన మీద నిలబడి చెయ్యి చాచిన కొద్దీ గన్ను వంకర తిరుగుతుంది, చివర్లలో రంగు పలచబడుతుంది. 12 మీటర్ల బస్సు సైడు మధ్యలో ఆగి డ్రమ్ములు జరిపేలోపు అంచు ఆరిపోతుంది, అక్కడ గీత కనిపిస్తుంది. మెటాలిక్ రంగుల్లో ఈ గీత ఎండలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఓనరు బండి తీసుకెళ్లి రోడ్డు మీద చూసి వెనక్కి తెచ్చేది చాలాసార్లు దీనికే.

చక్రాల స్కాఫోల్డింగ్

అల్యూమినియం పైపులతో కట్టి, కింద బ్రేకున్న చక్రాలు, పైన చుట్టూ రెయిలింగు ఉండే టవరు ఇది. కరెంటు లేదు కాబట్టి రవ్వ భయం లేదు, స్ప్రే దగ్గర నిశ్చింతగా వాడొచ్చు. ఎర్త్ వైరు తగిలిస్తే స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) భయమూ తగ్గుతుంది. రెండున్నర మీటర్ల ప్లాట్‌ఫాంకు ఇది చక్కగా సరిపోతుంది. ప్లాట్‌ఫాం ఎత్తు కింది వెడల్పుకు మూడు రెట్లు మించకూడదన్నది ఈ టవర్లకు పాత లెక్క. కాబట్టి 2.5 మీటర్లకు కింద కనీసం 85 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. స్కాఫోల్డింగ్, నిచ్చెనల భద్రతకు ఐఎస్ 3696 అని రెండు భాగాల ప్రమాణం ఉంది, కొనేటప్పుడు అడగండి.

దీని లోటు ఏమిటంటే పైకీ కిందికీ కదలదు. బస్సు సైడు కొట్టాలంటే పై భాగం ఒక ఎత్తులో, కింది భాగం నేల మీద నుంచి, మధ్య భాగం ఎక్కడి నుంచో సర్దుకోవాలి. మనిషిని పైన ఉంచి టవరును తోయడం అలవాటైతే అదే పెద్ద ప్రమాదం. పెయింటర్ దిగకుండా హెల్పర్ తోసేస్తాడు, చక్రం చిన్న రాయికి తగులుతుంది, పైనున్న మనిషి రెయిలింగు మీదికి పడతాడు. "మనిషి దిగాకే జరపాలి" అన్న మాట టవరు మీద తెలుగులో రంగుతో రాయించండి. అక్షరాలు రాసేవాళ్లు మన షెడ్డులోనే ఉన్నారు.

అక్షరాలంటే గుర్తొచ్చింది. లారీ వెనక రాతలు, పక్కన పూలు, నెమళ్లు, ఓనరు ఇంటిపేరు, దేవుడి పేరు, ఇవన్నీ కుంచె పని. కుంచె పట్టినవాడికి కాళ్ల కింద ఊపు ఉండకూడదు. సిజర్ లిఫ్టు రెండు మీటర్లు లేచాక మనిషి బరువు మార్చిన ప్రతిసారీ కొద్దిగా ఊగుతుంది. స్ప్రేకి ఆ ఊపు పెద్దగా తెలియదు, సన్నగీతకు తెలుస్తుంది. బ్రేకులు బిగించిన టవరు, లేకపోతే రెయిలింగున్న పొడవాటి ఇనుప స్టాండు, రాతపనికి వీటిని మించింది లేదు. లిఫ్టు కొన్నాక కూడా ఇవి పారేయకండి.

ఎలక్ట్రిక్ సిజర్ లిఫ్టు

అందరి చూపూ దీని మీదే. అర్థం చేసుకోవచ్చు, అద్దెకు దొరుకుతుంది, నేర్చుకోవడం తేలిక, కరెంటు ఖర్చు తక్కువ. 19 అడుగుల రకం సుమారు 76 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే మామూలు తలుపులోంచి పోతుంది. ప్లాట్‌ఫాం పొడవు 1.6 మీటర్లకు కాస్త ఎక్కువ. మోసే బరువు 230 కిలోల దగ్గర. పెయింటర్, హెల్పర్, పుట్టీ డబ్బాలు, గ్రైండరు, అన్నీ కలిపినా లోపలే.

స్ప్రే దగ్గర వద్దన్నాను కదా, మరి ఇది దేనికి? రంగు పనిలో స్ప్రే కొట్టేది చాలా తక్కువసేపు. పాత రంగు గీకడం, తుప్పు తీయడం, సొట్టలు పుట్టీతో నింపడం, వాటర్ పేపరుతో రుద్దడం, కాగితం టేపు అంటించడం, రంగు ఆరాక టేపు తీయడం, రిఫ్లెక్టర్ టేపు వేయడం, స్టిక్కర్లు అంటించడం, రోజుల తరబడి సాగేది ఈ పనే. భుజాలు పడిపోయేదీ ఇక్కడే. చేతులు తల పైకెత్తి గంటలకొద్దీ రుద్దే మనిషి ప్లాట్‌ఫాంను ఒక అడుగు లేపుకుంటే అదే పని ఛాతీ ఎత్తులో జరుగుతుంది. ఈ పనులకు సిజర్ లిఫ్టు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. స్ప్రే మొదలయ్యే ముందు దాన్ని బయటికి తోలేయాలి. ఆవిరి పూర్తిగా పోయాకే మళ్లీ లోపలికి. థిన్నర్ గుడ్డతో బాడీ తుడిచే పని కూడా స్ప్రే కిందే లెక్క, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు.

కొనేముందు, అద్దెకు తెచ్చేముందు నేల చూడండి. ఈ చిన్న లిఫ్టు బరువే టన్నుంపావు నుంచి టన్నున్నర, అదంతా నాలుగు చిన్న గట్టి చక్రాల మీద ఉంటుంది. ఒక్కో చక్రం కింద నాలుగైదు వందల కిలోలు పడొచ్చు. ఆటోనగర్ షెడ్లలో బండి కింద పని చేయడానికి మనిషి దిగే పిట్టు ఉంటుంది, దాని మీద చెక్కలో రేకో పరిచి ఉంటుంది. దాని మీదికి లిఫ్టు ఎక్కితే ఇంక చెప్పేదేముంది. పిట్టు మూతల మీదుగా లిఫ్టు దారి పోకుండా నేల మీద పసుపు గీత గీయించాలి.

వాలు ఇంకా సున్నితమైన విషయం. ఈ రకం లిఫ్టుల్లో చాలావాటికి పక్కవాటు 1.5 డిగ్రీలు దాటితే అలారం మోగుతుంది, పైకి లేవనివ్వదు. 1.5 డిగ్రీలంటే వినడానికి చిన్న మాట. 76 సెంటీమీటర్ల వెడల్పులో ఒక పక్క ఇంకో పక్కకంటే రెండు సెంటీమీటర్లు కిందికి ఉంటే అది 1.5 డిగ్రీలే. నీళ్లు పోవడానికి వాలుగా పోసిన వాటర్ సర్వీసింగ్ నేల మీద ఆ తేడా తేలిగ్గా వస్తుంది. తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, బండి నిలిపే చోటుకు రెండు పక్కలా పొడవునా నేల చూసుకోండి. వాలు ఎక్కువుంటే లిఫ్టు కంటే ముందు కాంక్రీటుకు డబ్బు పెట్టాలి. అలారం వైరు పీకేసి పని నడిపే మెకానిక్కులు ఉంటారు. ఆ పని చేసినవాణ్ని షెడ్డులోకి మళ్లీ రానివ్వకండి.

దీని అసలు పరిమితి టాపు దగ్గర బయటపడుతుంది. బస్సు వెడల్పు సుమారు 2.6 మీటర్లు, అంటే అంచు నుంచి టాపు మధ్యకు 1.3 మీటర్లు. సిజర్ లిఫ్టుకు 90 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ డెక్కు ఉంటుంది, బయటికి లాగొచ్చు. అది చూపించే "మధ్యదాకా అందుతుంది" అంటారు. కానీ ఆ డెక్కు పొడవు వైపు తెరుచుకుంటుంది, పక్కకు కాదు. బస్సు వెంబడి నడపడానికి లిఫ్టును సైడుకు సమాంతరంగా పెడితే డెక్కు ముందుకే సాగుతుంది, టాపు వైపు రాదు. టాపు మీదికి రావాలంటే లిఫ్టును బస్సుకు అడ్డంగా నిలపాలి. అప్పుడు వెంబడి నడపడం కుదరదు, ప్రతి ఒకటిన్నర మీటర్లకూ వెనక్కి తీసి, జరిపి, మళ్లీ ముందుకు పెట్టాలి. పైగా సాగిన డెక్కు మీద సుమారు 113 కిలోలే మోపాలి, అంటే ఒక్క మనిషి. అడ్డంగా తిప్పడానికి బస్సు పక్కన మూడు, మూడున్నర మీటర్ల జాగా కావాలి. మన షెడ్లలో బండికీ బండికీ మధ్య ఆ జాగా ఉందా? డెమో చూసేటప్పుడు ఖాళీ నేల మీద కాదు, అసలు బస్సు పక్కనే చూపించమనండి.

బ్యాటరీలు మామూలుగా 24 వోల్టుల లెడ్ యాసిడ్ రకం. రాత్రంతా చార్జింగ్ పెడితే పగలు పని నడుస్తుంది. చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది కూడా మండేదే. కాబట్టి చార్జింగ్ పాయింటు రంగు డబ్బాలకు, బూత్‌కు దూరంగా, గాలి ఆడే చోట ఉండాలి. డిస్టిల్డ్ వాటర్ పోసే బాధ్యత ఒకరి పేరున రాసి పెట్టండి, అందరిదీ అయితే ఎవరూ పొయ్యరు.

అద్దె లిఫ్టుకు రంగు తుంపర పడితే యజమాని డబ్బు కోస్తాడు, అందుకని ప్లాస్టిక్ షీటు చుట్టేవాళ్లు ఉంటారు. చుట్టండి, కానీ ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ మీద చుట్టకండి. కింద ఉండే ఎమర్జెన్సీ లోయరింగ్ పిడి కూడా బయటికే ఉండాలి. పైన మనిషికి కళ్లు తిరిగితే కింద ఉన్న హెల్పరు ఆ పిడి లాగి దించాలి. అది ఎక్కడుందో, ఎటు లాగాలో షెడ్డులో ప్రతి ఒక్కరికీ చేతులారా చేయించి చూపించండి.

చేత్తో తిప్పే చిన్న లిఫ్టు

పెద్దగా ప్రచారం లేదు కానీ మన పనికి బాగా కుదిరే రకం ఒకటుంది. ఒక్క మనిషి నిలబడే బుట్ట, పక్కన తిప్పే పిడి. తిప్పితే లేస్తుంది, తిరగేసి తిప్పితే దిగుతుంది. బ్యాటరీ లేదు, మోటారు లేదు, చార్జింగ్ లేదు. చిన్న రకం ప్లాట్‌ఫాం మీటరున్నర లేస్తుంది, పెద్దది 2.2 మీటర్లు. బస్సు సైడుకు, వ్యాను బాడీకి ఇది చాలు. కరెంటు రవ్వ లేదు కాబట్టి స్ప్రే పక్కన బ్యాటరీ లిఫ్టుకున్న భయం దీనికి లేదు, అయినా ఎర్తింగ్, తయారీదారు మాన్యువల్ చూసుకోవాలి. మోసేది 150 కిలోల దగ్గర, ఒక్క మనిషి, అతని గన్ను. ఎత్తైన కంటైనర్ బాడీ పై అంచుకు, టాపుకు ఇది చాలదు. జరపాలంటే కిందికి దిగి తోయాలి.

గోడకు బిగించే గాలి లిఫ్టు

పెద్ద బూత్ కట్టే ఉద్దేశం ఉంటే నిజంగా ఆలోచించాల్సింది ఇది. బూత్ గోడ వెంబడి పొడవునా ఒక రైలు. ఆ రైలు మీద ఒక ప్లాట్‌ఫాం వేలాడుతుంది. ముందుకూ వెనక్కూ పోతుంది, పైకీ కిందికీ పోతుంది, బండి వైపు దగ్గరికీ దూరంగానూ జరుగుతుంది. మూడు దిక్కులూ పెయింటర్ చేతిలోనే ఉంటాయి, పాదంతోనో పిడితోనో నడుపుతాడు. కంప్రెసర్ గాలితో తిరిగే మోటార్లు కాబట్టి కరెంటు రవ్వ ఉండదు. నేల మీద ఏమీ ఉండదు కాబట్టి గొట్టాలు చిక్కుకోవు, పిట్టులు అడ్డం రావు, వాలు గొడవ లేదు. కింద గాలి లాగే జాలీల మీద చక్రాలు ఎక్కించే అవసరం రాదు. విమానాలు, రైలు బోగీలు, బస్సులు రంగువేసే పెద్ద బూత్‌లలో ఇదే పద్ధతి.

అన్నింటికంటే పెద్ద లాభం, టాపు. దగ్గరికి జరిగే కదలిక ఉంది కాబట్టి ప్లాట్‌ఫాం బస్సు అంచు మీదుగా లోపలికి వస్తుంది, మధ్యదాకా చెయ్యి అందుతుంది. రెండు పక్కలా రెండు ప్లాట్‌ఫాంలు పెడితే ఇద్దరు పెయింటర్లు ఎదురెదురుగా ఒకే వేగంతో పోతారు. తడి అంచు ఆరకముందే టాపు, సైడు కలిసిపోతాయి. రంగులో గీత ఉండదు.

ఖర్చు ఎక్కువ, దాచేదేం లేదు. ప్లాట్‌ఫాంతో పాటు దాన్ని మోసే గోడ కూడా కావాలి. మామూలు ప్యానెల్ బూత్ గోడ ఈ బరువు మోయదు. దాని వెనక ఇనుప స్తంభాల ఫ్రేము వేయాలి, అందుకు స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కావాలి. బూత్ కట్టేశాక "లిఫ్టు కూడా పెడదాం" అనుకుంటే రెండింతలవుతుంది. బూత్ డ్రాయింగులు వేయించే రోజునే ఈ నిర్ణయం అయిపోవాలి.

కంప్రెసర్ సంగతి చాలామంది చూడరు. స్ప్రే గన్ను ఒక్కటే నిమిషానికి మూడు, నాలుగు వందల లీటర్ల గాలి తాగుతుంది. అదే లైనులోంచి లిఫ్టుకూ గాలి ఇస్తే పెయింటర్ పైకి లేచే ప్రతిసారీ గన్ను దగ్గర ప్రెషరు పడిపోతుంది, రంగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. లిఫ్టుకు వేరే లైను, వేరే రిసీవర్ ట్యాంకు పెట్టండి. మన దగ్గర వానాకాలం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డ్రయ్యర్ లేకపోతే మోటార్లలో నీరు చేరి తుప్పు పడుతుంది.

గాలితో నడుస్తుంది కదా అని మొత్తం భద్రం అనుకోవద్దు. ప్లాట్‌ఫాం, బండి, గన్ను, అన్నీ ఒకే ఎర్త్‌కు కలవాలి. ప్లాట్‌ఫాం మీద పెట్టే లైటు, స్విచ్చి ఫ్లేమ్‌ప్రూఫ్ కాకపోతే ఇంత ఖర్చూ వృథా.

బూమ్ లిఫ్టు

వద్దు. చెయ్యి చాపినట్టు పక్కకు పోతుంది కాబట్టి టాపుకు బాగుంటుందనిపిస్తుంది, కానీ షెడ్డులో తిప్పడానికి జాగా చాలదు. పొడవాటి చేయి కొసన బుట్టలో ఉన్న మనిషిని చిన్న కుదుపు కూడా ఎగరేస్తుంది, అందుకే బూమ్‌లో హార్నెస్ కట్టుకుని బుట్టకు కొక్కెం తగిలించడం తప్పనిసరి. షెడ్డు బయట టాంకర్ల పైభాగం బాగు చేసే పనికైతే అద్దెకు తెచ్చుకోవచ్చు, అంతే.

మీ షెడ్డుకు ఏది?

నేనైతే ఇలా తేల్చుకుంటాను. ఒకటి రెండు బండ్లు పట్టే చిన్న షెడ్డు, ఎక్కువగా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) ముందు వచ్చే లారీలు, అప్పుడప్పుడు స్కూలు బస్సు, గుంటూరు ఆటోనగర్‌లోనో ఇక్కడి వెనక రోడ్లలోనో ఉండే మామూలు పని అయితే లిఫ్టు కొనకండి. రెయిలింగున్న రెండు మంచి చక్రాల టవర్లు, వీలైతే చేత్తో తిప్పే లిఫ్టు ఒకటి. దీనితోనే డ్రమ్ముల పద్ధతి పూర్తిగా పోతుంది. మిగిలిన డబ్బు ఎగ్జాస్ట్ ఫ్యానుకు, మాస్కులకు పెట్టండి.

నాలుగైదు బండ్లు ఒకేసారి నడిచే బాడీ బిల్డింగ్ షెడ్డు అయితే సిజర్ లిఫ్టుకు అర్థం ఉంది, కానీ ముందు అద్దెకు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ కావాలి, దసరా ముందు ఓనర్లందరూ ఒకేసారి బండ్లు దింపుతారు. పని ఇలా పోగుపడినప్పుడు నెల అద్దెకు తెచ్చి, నిజంగా రోజుకు ఎన్ని గంటలు ఎక్కారో ఒక నోటుపుస్తకంలో రాయించండి. లిఫ్టుకు అవర్ మీటర్ ఉంటుంది, అద్దె మొదలైన రోజూ ముగిసిన రోజూ దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. ఆ గంటలు చూశాక కొనాలో వద్దో మీకే తెలుస్తుంది. స్ప్రేకు మాత్రం టవర్లే వాడాలి.

బస్సు బాడీలు కొత్తగా కట్టేవాళ్లు, మూసిన బూత్ పెట్టబోయేవాళ్లు గోడ లిఫ్టు దగ్గరే ఆగాలి. ఇక్కడికి దగ్గర్లోని మల్లవల్లిలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు మొదలైంది. కొత్త బస్సు కొనేవాడి కళ్లు ఇక కంపెనీ ఫినిషింగ్‌కు అలవాటుపడతాయి. టాపు మధ్యలో పలచబడ్డ రంగును వాళ్లు ఒప్పుకోరు.

మాస్కుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే లిఫ్టు ఎంపికతో అది ముడిపడి ఉంది. పీయూ (పాలీయురెథేన్) రంగులు గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటికి ముక్కుకు తెలిసేంత వాసన ఉండదు. మాస్కులో గాలి వడగట్టే కార్ట్రిడ్జ్ పాడైనా పెయింటర్‌కు తెలియదు, ఊపిరితిత్తులకు ఆస్తమా పట్టుకున్నాకే తెలుస్తుంది. ఒకసారి పట్టుకుంటే ఆ రంగు దగ్గరికి ఇంక పోలేడు, ఇరవై ఏళ్ల చేతిపని ఆగిపోతుంది. కాబట్టి పీయూకు బయటి నుంచి శుభ్రమైన గాలి వచ్చే మాస్కే కావాలి. అంటే ప్లాట్‌ఫాం మీదికి రెండు గొట్టాలు వెళతాయి, గన్నుకు ఒకటి, మాస్కుకు ఒకటి. సిజర్ చేతుల మధ్య ఆ గొట్టం నలిగితే మనిషి ఊపిరే ఆగుతుంది. టవరు మీదైనా గోడ లిఫ్టు మీదైనా గొట్టాలు పైనుంచి వచ్చేలా కొక్కేలు పెట్టించండి.

చట్టం మాట ఒకటి. ఎత్తు మీద పనిచేసేచోట మనిషి పడకుండా కంచెలాంటి ఏర్పాటు చేయాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లోనే ఉండేది. 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. ఇన్సూరెన్స్ సర్వేయరు ప్రమాదం జరిగాక వచ్చి మొదట అడిగేవి రెయిలింగు ఫొటో, ట్రైనింగ్ కాగితం, మెయింటెనెన్స్ రిజిస్టరు. మూడూ ఫైలులో ఉండాలి.

లిఫ్టు దిగిన రోజు సంతకం పెట్టేముందు ఇవి చేయించండి. పైకి లేపి కింద నుంచి ఎమర్జెన్సీ పిడితో దించమనండి. ప్లాట్‌ఫాం మీద రాసిన బరువు పరిమితి చూసి, మీ పెయింటర్, హెల్పర్, గన్నుకు రంగు పంపే పీడన కుండ నిండా రంగు కలిపి తూకం వేయండి. లేచినప్పుడు చక్రాల మధ్య గుంటలో పడకుండా దిగే ఇనుప పట్టీలు రెండు పక్కలా దిగుతున్నాయా చూడండి. గేటు వదిలేస్తే దానంతటదే మూసుకుంటోందా చూడండి. మాన్యువల్ అసలు కాపీ లిఫ్టులోనే ఉండాలి. తర్వాత మీ పెయింటర్‌ను ఎక్కించి, రంగు లేకుండా ఉత్త గన్నుతో బస్సు సైడు ఒక చివర నుంచి ఇంకో చివరకు కొట్టినట్టు నడపమనండి. లేచి ఉన్నప్పుడు ఈ లిఫ్టులు గంటకు 0.8 కిలోమీటర్ల వేగమే పోతాయి, 12 మీటర్లకు ఒక నిమిషం దగ్గర పడుతుంది. ఆ నిమిషంలో అతని చెయ్యి ఎక్కడెక్కడ వంకర తిరిగిందో, ఎక్కడ రెయిలింగు మీదికి ఒరిగాడో చూసి, అతనికేమనిపించిందో అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.